కోపగించిన ఓటరును శాంతపరచే విధానం

ఒక్క ఫిర్యాదు కూడా రాకుండా ఎన్నికలు జరిపించినందుకు మా వార్డులోని ఎన్నికల పరిశోధన, శిక్షణ సంస్థకు ఈ ఏడాది ఉత్తమ సంస్థ బహుమతి వచ్చిందని తెలియజేయడానికి ఎంతో సంతోషిస్తున్నాను. బహుమతి గాజుతో చేసిన ఓట్ల పెట్టె. చాలా అందంగా ఉంది. చీటీ వేయడానికి పైన సందు మాత్రం లేదు. సందు పెడితే నునుపు చెడుతుందని చేసినవాళ్లే వద్దన్నారట. సంస్థ డైరెక్టరు గారు దాన్ని తన గదిలో బల్ల మీద పెట్టుకుని వచ్చినవాళ్లందరికీ చూపిస్తున్నారు, మరకలు పడతాయని ఎవరినీ ముట్టుకోనివ్వడం లేదు.

ఈ విజయం గిట్టని కొందరు వీధిలో ఏవేవో అంటున్నారు. అందుకని జరిగింది జరిగినట్టు రాయవలసిన బాధ్యత పక్కవీధి పౌరుడిగా నా మీద పడింది. సంస్థ మీద నాకు మొదటి నుంచీ గౌరవమే. వాళ్ల ప్రహరీగోడ మా బాల్కనీలోంచి కనిపిస్తుంది. ఏటేటా సున్నం వేస్తారు.

పూర్వం ఎన్నికలు ఎంత మోటుగా జరిగేవో మీకు గుర్తుండే ఉంటుంది. జనం వచ్చేవారు, వరసలో నిలబడేవారు, చీటీ తీసుకుని, గుర్తు వేసి, పెట్టెలో పడేసి ఇంటికి పోయేవారు. దాని వెనక ఒక సిద్ధాంతం లేదు, ఒక అధ్యయనం లేదు, కనీసం ఒక సదస్సయినా లేదు. ఇంత ముఖ్యమైన పని ఇంత తేలిగ్గా జరిగిపోతోందేమిటా అని పైవాళ్లకు అనుమానం వచ్చింది. ఆ అనుమానంలోంచే సంస్థ పుట్టింది.

సంస్థలో వరసల విభాగం ఉంది. దాని అధిపతి తలపండిన పండితుడు, జీవితమంతా వరసలకే ధారపోశారు. వరసలో చివర నిలబడ్డవాడికి పని ఆలస్యంగా జరుగుతుందని రుజువు చేసింది ఆయనే. అంతకుముందు ఆ సంగతి అందరికీ తెలుసు గానీ ఎవరి దగ్గరా రుజువు లేదు. దారాల విభాగం కూడా ఉంది. గుర్తు వేసే కలాన్ని బల్లకు కట్టే దారం ఎంత పొడవు ఉండాలన్నది వాళ్ల అంశం. పొడుగ్గా ఉంటే కలం ఎత్తుకుపోతారు, పొట్టిగా ఉంటే ఎడమచేతివాటం వాళ్లకు అందదు. ఈ విషయమై విభాగం రెండు పక్షాలుగా చీలిపోయి, పొడుగు పక్షం వాళ్లు పొట్టి పక్షం వాళ్లతో భోజనాల దగ్గర కూడా మాట్లాడటం మానేశారు. చివరికి డైరెక్టరు గారు కలగజేసుకుని రాజీ కుదిర్చారు. దారం పొడుగ్గా ఉంచి కలం తీసేయాలని తీర్మానించారు. ఆ తీర్మానం ఇంకా అమల్లోకి రాలేదు.

నడవలేని ఓటర్లను కూడా సంస్థ మరిచిపోలేదు. మా వార్డు పోలింగ్ కేంద్రానికి చక్కటి వాలుదారి కట్టించారు. ఎంత వాలు ఉంటే చక్రాల కుర్చీ సులువుగా ఎక్కుతుందో ఏళ్ల తరబడి లెక్కలు వేసి కట్టిన దారి అది. అందుకే విదేశాల నుంచి కూడా వచ్చి ఫొటోలు తీసుకుంటారు. ఆ వాలు మొదలయ్యే చోటికి చేరాలంటే మాత్రం నాలుగు మెట్లెక్కాలి. నేల సంగతి వేరే శాఖ చూస్తుంది.

ఇక శిక్షణ. అసలు కథ ఇక్కడే ఉంది కాబట్టి కాస్త శ్రద్ధగా చదవండి. మొదట్లో అధికారులకు గుడ్డబొమ్మలతో శిక్షణ ఇచ్చేవారు. బొమ్మలు వరసలో బుద్ధిగా నిలబడేవి. వేలికి సిరా పెట్టాలంటే వాటి వేళ్లు ముందే చాపి కుట్టి ఉండేవి. అధికారులు ఆరితేరిపోయారు. తీరా ఎన్నికల రోజున ఓటర్లు కదులుతూ, మాట్లాడుతూ రావడంతో హడలెత్తిపోయారు. ఒకాయన ఓటరు నోరు తెరవగానే బల్ల కింద దూరాడని చెప్పుకుంటారు. ఓటరు కదులుతాడు, మాట్లాడతాడు, అప్పుడప్పుడు ఎదురు ప్రశ్న వేస్తాడు అన్న సత్యం ఆ ఏటి నివేదికలో తొలిసారిగా వెలుగు చూసింది. అప్పటి నుంచి బొమ్మలను అటకెక్కించి, ప్రాణమున్న ఓటర్లతో శిక్షణ ఇవ్వాలని నిర్ణయించారు.

ప్రాణమున్న ఓటర్ల కోసం దూరం వెళ్లవలసిన పని లేకపోయింది. సంస్థ గోడకు ఆనుకునే ఒక వీధి ఉంది. అందులో ఉన్నవాళ్లంతా చిన్నాచితకా పనులు చేసుకునేవాళ్లు, మధ్యాహ్నం పూట కాస్త తీరిక దొరికేవాళ్లు. ఎవరి స్వభావానికి తగ్గ పాత్ర వాళ్లకు ఇచ్చారు. సెలూన్ ఆయన జన్మలో చుక్క ముట్టలేదు కనుక నటనకు అవకాశం ఎక్కువని ఆయనకు తాగిన ఓటరు పాత్ర ఇచ్చారు. గడియారాలు బాగుచేసే ఆయన వినపడని ఓటరు. రిటైరైన మాస్టారు ప్రతిదానికీ ప్రశ్నలడిగే ఓటరు. ఆయనకు అది నటన కాదని ఇంట్లోవాళ్లు అంటారు.

వీళ్లందరిలోకీ పేరు తెచ్చుకున్నది కోపం పిన్ని. అసలు ఆమె కుట్టుపని మనిషి. బడి యూనిఫారాలు, దిండు గలీబులు కుడుతుంది. ఇల్లంటే ముందు గదిలో కుట్టుమిషను, వెనక గదిలో మంచం మీద అక్క. ఆ అక్క కాలికి ఏళ్ల నుంచీ మానని పుండు ఉంది. రోజూ కట్టు మార్చాలి. ఒక్కరోజు మానినా జ్వరం తగులుకుంటుంది. నిజానికి పిన్ని చాలా నెమ్మదస్తురాలు. దారం తెగితే మిషను మీద కూడా విసుక్కోదు. అయితే సంస్థ వాళ్లు పాత్రలు పంచిన రోజున మిగిలి ఉన్నది ఒక్క కోపగించిన ఓటరే కావడంతో అది ఆమె నెత్తిన పడింది.

పాఠం పేరు ‘కోపగించిన ఓటరును శాంతపరచే విధానం’. పిన్ని వచ్చి, “నా ఓటు నాకివ్వండి. నేనేమైనా ఆడుకోవడానికి వచ్చానా?” అని గట్టిగా అడగాలి. అధికారి కోపం తెచ్చుకోకుండా లేచి నిలబడాలి. ఆమె అన్న మాటనే మెల్లగా తిరిగి ఆమెకు అప్పజెప్పాలి. మంచినీళ్లివ్వాలి, కుర్చీ వేయాలి, గుండె మీద చెయ్యి పెట్టుకుని “మీ బాధ నాకర్థమైంది” అనాలి. ఓటరు శాంతించి మారు మాట లేకుండా ఇంటికి వెళ్లిపోతే అధికారి పాసైనట్టు. ఓటు ఇవ్వాలా వద్దా అన్నది ఈ పాఠంలో లేదు. అది సిలబస్ పెద్దదైపోతుందని వదిలేశారు.

పిన్ని ఈ పని మనసు పెట్టి చేసింది. ఊరికే ఒప్పుకునేది కాదు. పోస్టాఫీసు గుమాస్తా ఒకాయన శిక్షణకు వచ్చిన ప్రతిసారీ ఆమె చేతిలో ఫెయిలై, సర్టిఫికెట్టు లేకుండా ఇంటికి పోయేవాడు. “పిన్నిగారూ, కాస్త దయతలచండి. ఇంట్లో మా ఆవిడ ముందు తలెత్తుకోలేకపోతున్నా,” అని ఆయన బతిమాలితే, “నేను తేలిగ్గా ఒప్పుకుంటే రేపు నిజం ఓటరు దగ్గర నీ గతేం కాను నాయనా?” అనేది. ఇలాంటి దీక్ష గలవాళ్లు దొరకడం సంస్థ చేసుకున్న అదృష్టం.

ఇంతటితో సంస్థ తృప్తి పడలేదు. శిక్షణలో తేనె పలుకులు పలికిన అధికారులే నిజం ఎన్నికల్లో జనం మీద కసురుకుంటున్నారని ఒక పరిశోధనలో తేలింది. ఎవరో పరీక్షిస్తున్నారంటేనే వాళ్లు మర్యాదగా ఉంటున్నారట. దీనికి డైరెక్టరు గారు కనిపెట్టిన విరుగుడు ఆకస్మిక పరీక్ష. ఇకమీదట నిజం పోలింగ్ కేంద్రాలకు కూడా సంస్థ తన నటులను పంపుతుంది. వాళ్లెప్పుడు వస్తారో ఎవరికీ తెలియదు. వచ్చినవాళ్లను గుర్తుపట్టి, పాఠం ప్రకారం మర్యాద చేసి, సాగనంపాలి. నటులకు అసలు చీటీ ఇస్తే మాత్రం ఉద్యోగం ఊడుతుంది, ఎందుకంటే అభ్యాసానికి అసలు చీటీ వాడటం పెద్ద నేరం. దీన్ని వివరిస్తూ డైరెక్టరు గారు అధికారుల ముందు చేసిన ప్రసంగం నేను గోడ ఇవతల నుంచి విన్నాను.

“మిత్రులారా! ఓటరు దేవుడని అందరూ అంటారు. ఆ దేవుడు ఏ రూపంలో వస్తాడో మనకు తెలియదు. కాబట్టి వచ్చిన ప్రతివాణ్నీ అనుమానించండి. అనుమానిస్తూనే నమస్కరించండి. నటుడు మీతో ‘ఇది పరీక్ష కాదు, నేను నిజంగానే వచ్చాను’ అనవచ్చు. పరీక్షలో అన్నిటికంటే కష్టమైన భాగం అదే. అక్కడ పప్పులో కాలేయకండి!”

చప్పట్లు చాలాసేపు మోగాయి.

ఇలా ఉండగా వార్డు ఎన్నికలు వచ్చాయి. అప్పటికి పదవిలో ఉన్న కౌన్సిలరు గారు విద్యాభిమాని. సంస్థలో పరిశోధకులు ఒకే గదిలో ఇరుక్కుని కూర్చుంటున్నారని ఆయన మనసు కరిగిపోయింది. వీధి మొగలో ఉన్న చిన్నాసుపత్రి భవనాన్ని ఖాళీ చేయించి సంస్థకు ఇప్పిస్తానని మాటిచ్చారు. “రోగాలు ఇవాళ ఉంటాయి, రేపు పోతాయి. విజ్ఞానం శాశ్వతం,” అని ఆయన సభలో అన్నప్పుడు, ఆ వీధివాళ్లు తప్ప అందరూ హర్షించారు.

పిన్ని అక్కకు రోజూ కట్టు మార్చేది ఆ చిన్నాసుపత్రిలోనే. అది పోతే ఊరి అవతలున్న పెద్దాసుపత్రే గతి. అక్కడికి రోజూ తీసుకెళ్లాలంటే కుట్టుపని మానుకోవాలి, కుట్టుపని మానుకుంటే ఇద్దరూ ఏం తినాలి? ఆ సంగతి ఆలోచించినకొద్దీ పిన్నికి నిద్ర పట్టడం మానేసింది. ఆ ఆసుపత్రిలోనే పనిచేసి రిటైరైన నర్సమ్మ ఇది చూసి, తానే కౌన్సిలరు గారి మీద పోటీకి నిలబడింది. ఆసుపత్రి కదలనివ్వను అన్నది ఆమె ఇచ్చిన ఒకే ఒక్క హామీ. వీధి వీధంతా ఆమె వెనక నిలిచింది. ఇన్నేళ్లుగా ఉత్తుత్తి చీటీలు వేసి వేసి విసిగిపోయినవాళ్లు, ఈసారి ఆరునూరైనా అసలు చీటీ వేసి తీరాలని తయారయ్యారు.

ఆ ఎన్నికల్లో ఆకస్మిక పరీక్షలు జరపాలనే సంస్థ మొదట అనుకుంది. అయితే పర్యవేక్షకులందరూ పరీక్షల గురించిన సదస్సుకు వెళ్లవలసి రావడంతో పరీక్షలు రద్దయ్యాయి. రద్దయిన సంగతి నటులకు చెప్పి, “రేపు మీకు సెలవు. వెళ్లి మీ ఓటు మీరు వేసుకోండి,” అని పంపేశారు. అధికారులకు మాత్రం చెప్పలేదు. చెబితే మర్యాద తగ్గుతుందని పరిశోధనలో తేలింది కదా.

మా వార్డు పోలింగ్ కేంద్రాన్ని ఆదర్శ కేంద్రంగా ప్రకటించి, సంస్థలో బాగా తర్ఫీదైన వాళ్లనే అక్కడ వేశారు. అందరూ వీధివాళ్ల ముఖాలు కళ్లు మూసుకుని గుర్తుపట్టగలిగినవాళ్లే. వాళ్లకు పెద్దగా మన పోస్టాఫీసు గుమాస్తా గారిని నియమించారు. ఈసారి బాగా చేస్తే సర్టిఫికెట్టు ఇస్తామని ఆయనకు ముందే చెప్పారు.

పొద్దున్నే మొదటగా సెలూన్ ఆయన వెళ్లాడు. ఇస్త్రీ బట్టలు వేసుకుని, తల దువ్వుకుని, తూలకుండా నడుచుకుంటూ వెళ్లాడు. తాగని వాడిలా ఇంత బాగా నటించడం తామెన్నడూ చూడలేదని అధికారులు ఆయన భుజం తట్టి పంపించారు. గడియారాల ఆయన అడిగినదానికల్లా ఠకీమని జవాబు చెప్పాడు. అందులో ఏదో మెలిక ఉందని వాళ్లు ఇట్టే పట్టేశారు. మాస్టారయితే ఒక్క ప్రశ్న కూడా వేయకుండా వేలు చాపాడు. అది మరీ అనుమానాస్పదంగా ఉందని ఆయనకు రెండు సార్లు నమస్కరించి వాకిలి దాకా సాగనంపారు. ఇలా వీధిలో సగం మంది ఎంతో గౌరవం పొంది వెనక్కి వచ్చారు.

పిన్ని కాస్త ఆలస్యంగా వచ్చింది. అక్కకు కూడా ఓటుంది. ఆమెను చక్రాల కుర్చీలో తోసుకొచ్చి, వాలుదారి ముందున్న మెట్ల దగ్గర ఆగి, ఇద్దరు మనుషులను బతిమాలి కుర్చీతో సహా ఎత్తించి, ఆ తరవాత ప్రసిద్ధమైన ఆ వాలు మీద సునాయాసంగా పైకి తీసుకొచ్చింది.

ఆమెను చూడగానే గుమాస్తా గారు లేచి నిలబడ్డారు.

“రండి పిన్నిగారూ, రండి! ఎప్పుడొస్తారా అని పొద్దుటి నుంచీ ఎదురుచూస్తున్నాం. అక్కగారిని కూడా తెచ్చారే! ఇది కొత్త పాఠమా?”

“పాఠం లేదు, గీఠం లేదు బాబూ. మా చీటీలు మాకివ్వు. అక్క ఎక్కువసేపు కూర్చోలేదు.”

“అబ్బ! నిజంగా ఓటు వేయడానికి వచ్చినట్టే ఉంది. నటనన్నది మచ్చుకైనా కనబడటం లేదు.”

“చేస్తేగా కనబడటానికి! ఇవాళ పరీక్షలు లేవని నిన్ననే చెప్పారు. కావలిస్తే మీ డైరెక్టరు గారిని అడుగు.”

గుమాస్తా గారు పక్క బల్ల దగ్గరున్న అధికారిణిని చూసి కన్నుగీటారు. “విన్నారా? సార్ చెప్పిన కష్టమైన భాగం ఇదే.”

పిన్ని మంచిగా చెప్పింది. బతిమాలింది. ఓటరు స్లిప్పు చూపించింది, గుర్తింపు కార్డు చూపించింది. అసలు కార్డు కూడా వెంట తెచ్చుకోవడం ఆమె వృత్తి నిబద్ధతకు నిదర్శనమని అక్కడున్నవాళ్లు మెచ్చుకున్నారు. చివరికి ఆమెకు కడుపు మండిపోయింది.

“నా ఓటు నాకివ్వండి! నేనేమైనా ఆడుకోవడానికి వచ్చానా?”

ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ అది ఏ మాటో ఆమెకు తట్టలేదు. గదిలో అందరి ముఖాలూ వెలిగిపోయాయి. గుమాస్తా గారు గొంతు సవరించుకుని, “తమ ఓటు తమకు ఇవ్వమంటున్నారు. తమరు ఆడుకోవడానికి రాలేదంటున్నారు,” అని మెల్లగా అప్పజెప్పారు. మంచినీళ్లు వచ్చాయి. కుర్చీ వచ్చింది. గుండె మీదికి చెయ్యి వచ్చింది.

“మీ బాధ నాకర్థమైంది పిన్నిగారూ.”

“అర్థమైతే చీటీ ఇయ్యి.”

“అదొక్కటి తప్ప ఏదైనా అడగండి.”

అక్క కుర్చీలోంచి చెల్లెలి చెంగు లాగింది. “ఏమిటే, వీళ్లంతా నీకు తెలిసినవాళ్లేగా? ఇంత మర్యాదగా మాట్లాడుతున్నారు, మరి ఓటెందుకివ్వరు?”

పిన్నికి పరిస్థితి అప్పటికే తెలిసిపోయింది. కోప్పడితే పాఠం సాగుతుంది. శాంతిస్తే పాఠం పూర్తవుతుంది. ఓటు పడే దారి ఆ పాఠంలో ఎక్కడా లేదు, అది ఆమె కంటే బాగా తెలిసినవాళ్లు లేరు. ఈలోగా అక్క కాలి కట్టు తడిసి కుర్చీ పలక మీద మరక పడటం మొదలైంది. ఎన్నికల రోజు కనుక చిన్నాసుపత్రి మధ్యాహ్నానికే మూసేస్తారు. పిన్ని గోడ గడియారం వైపు చూసింది, అక్క కాలి వైపు చూసింది, మారు మాట లేకుండా కుర్చీ వెనక్కి తిప్పింది.

గదిలో ఉన్నవాళ్లంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. గుమాస్తా గారికి కళ్లనీళ్లు ఆగలేదు. ఇన్నేళ్లకు పిన్ని శాంతించింది. ఆ సాయంత్రమే ఆయనకు సర్టిఫికెట్టు ఇచ్చారు, మర్నాడే చట్రం కట్టించుకున్నారు.

ఎన్నికల్లో కౌన్సిలరు గారే గెలిచారు. తేడా చాలా స్వల్పం. పోలింగ్ కేంద్రం నుంచి గౌరవంగా వెనక్కి వచ్చినవాళ్లు అంతకంటే ఎక్కువమందే ఉంటారని నర్సమ్మ వాదన. ఈ అంశం మీద సమగ్ర పరిశోధన జరపాలని సంస్థ కూడా అభిప్రాయపడుతోంది. అందుకు విశాలమైన భవనం కావాలి గనుక ముందు ఆసుపత్రి ఖాళీ కావాలని చెబుతోంది.

పిన్ని డైరెక్టరు గారి గదికి వెళ్లింది. ఎవరు ఆపినా ఆగలేదు. గాజు పెట్టె అప్పటికింకా రాలేదు గనుక బల్ల ఖాళీగానే ఉంది. ఆమె దాని మీద అరచేత్తో కొట్టింది.

“మా ఓట్లు ఏమయ్యాయండీ?”

డైరెక్టరు గారు ఓపిగ్గా వివరించారు. ఫిర్యాదంటూ ఉంటే ఓటింగు రోజునే, ఆ కేంద్రంలోనే, ఆ అధికారికే చేయాలి.

“చేశానుగా! నెత్తీ నోరూ బాదుకుని చెప్పానుగా!”

“దాన్ని అభ్యాసం కింద నమోదు చేశారమ్మా. అభ్యాసానికి ఫిర్యాదు విలువ ఉండదు.”

“అయితే ఇప్పుడు చేస్తున్నాను. రాసుకోండి.”

“ఇప్పుడు గడువు దాటిపోయింది.”

అప్పుడు పిన్ని కోపం పోయింది. గొంతు పూర్తిగా దిగిపోయింది. “రేపటి నుంచి కట్టు కట్టేవాళ్లు లేకపోతే మా అక్క కాలు కుళ్లిపోతుందండీ. ఆ కాలు తీసేయాల్సి వస్తే దాన్ని ఎత్తుకుని తిప్పడానికి నా ఒంట్లో బలం లేదు. ఇది మీ దగ్గర నేర్చుకున్న మాట కాదు. నాకు భయంగా ఉంది,” అంది, అక్కడే కింద కూర్చుని ఏడ్చేసింది.

డైరెక్టరు గారిని కఠినాత్ముడని ఎవరైనా అంటే నేనొప్పుకోను. నిజంగానే ఆయన కళ్లు చెమర్చాయి. జేబురుమాలుతో అద్దుకుని, పక్క గదుల్లోంచి సిబ్బందిని పిలిపించి, ఆమెను వాళ్లకు చూపించారు.

“చూడండి! ఇన్నేళ్లూ మనం కోపం దగ్గరే ఆగిపోయాం. కోపం తరవాత ఇదొకటి ఉందని ఏ పుస్తకంలోనూ లేదు,” అని చెప్పి, ఎంతో వినయంగా పిన్ని వైపు వంగి, “అమ్మా, ఈ మాటలు పాఠంలో చేర్చుకోవడానికి తమ అనుమతి కావాలి,” అని అడిగారు.

ఆమె లేచి, కళ్లు తుడుచుకుని, ఎవరి వైపూ చూడకుండా వెళ్లిపోయింది. మళ్లీ సంస్థ గడప తొక్కలేదు. మౌనాన్ని అంగీకారంగా భావించి పాఠంలో చేర్చారు.

ఆసుపత్రి ఖాళీ అయింది. పాత బోర్డు దింపి కొత్తది తగిలించారు. కట్లు కట్టే గదిలో బల్లలు, ఫ్యాన్లు, నీలం తెరలు అమర్చారు. మందుల వాసన మాత్రం ఎన్ని సార్లు కడిగినా పోవడం లేదని పరిశోధకులు విసుక్కుంటున్నారు. పిన్ని రావడం మానేశాక సంస్థకు ఇంకొక చిక్కు వచ్చింది. అధికారులకు కోపగించిన ఓటరును శాంతపరచడం ఇప్పుడు వెన్నతో పెట్టిన విద్య. కానీ తృప్తి చెందిన ఓటరును వాళ్లెవరూ కళ్లారా చూసి ఎరగరు. రేపు నిజంగానే ఒకడు వస్తే బెదిరిపోతారేమోనని డైరెక్టరు గారికి దిగులు పట్టుకుంది. అందుకని ఆ పాత్రకు మనుషులు కావాలని ప్రకటన ఇచ్చారు. అనుభవం అవసరం లేదు, శిక్షణ అవసరం లేదు, పక్కవీధుల వారికి ప్రాధాన్యం.

ఎంపిక ఆ పాత కట్ల గదిలోనే జరిగింది. వరస వీధి మొగ దాటి బస్టాపు దాకా సాగింది. మా వార్డులో ఇంతమంది ఉన్నారని నాకు ఆ రోజే తెలిసింది. అందరూ మంచి బట్టలు వేసుకున్నారు, పద్ధతిగా నిలబడ్డారు, ఒకరినొకరు తోసుకోలేదు. ఆ వరసలో నేనూ ఉన్నాను, నా ముందు మీరు నిలబడి ఉన్నారు. లోపల అడిగేవి రెండే ప్రశ్నలని ముందు వెళ్లొచ్చినవాళ్లు చెప్పారు. మొన్న ఓటు వేశారా అని అడుగుతారట. లేదండీ, సెలవు కదా, ఇంట్లోనే ఉన్నాను అనాలి. ఫలితం మీద ఏమైనా అభ్యంతరం ఉందా అని అడుగుతారట. నాకెందుకుంటుందండీ అనాలి. అంతే, ఎంపికైపోతారు. దీనికి సాధన చేయవలసిన పని లేదని మీరూ నేనూ నవ్వుకున్నాం.

అప్పుడే వీధిలోంచి ఒక ఆటో బయటికి వచ్చింది. వెనక సీటులో అక్క కాలు చాపుకుని కూర్చుంది. కట్టు నల్లబడి ఉంది. పిన్ని ఆ పాదాన్ని ఒళ్లో పెట్టుకుని, కుదుపులకు కదలకుండా రెండు చేతులతో పట్టుకుని ఉంది. పెద్దాసుపత్రికి వెళ్తున్నారు. వరస దారికి అడ్డంగా ఉండటంతో ఆటో ఆగిపోయింది. అక్క తల బయటికి పెట్టి మనల్ని ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చూసింది.

“ఇంతమంది ఉన్నారేమే మన వార్డులో! ఓటింగు రోజున వీళ్లంతా ఎక్కడున్నారే?”

ఆమె మెల్లగానే అంది గానీ అందరికీ వినబడింది. పిన్ని తలెత్తి మన వైపు చూసింది. ఆమె ముఖంలో కోపం ఉంటే బాగుండేది. కోపాన్ని ఏం చేయాలో మనందరికీ తెలుసు. ఇంతలో లోపలి నుంచి మిమ్మల్ని పిలిచారు. మీరు చొక్కా సర్దుకుని వెళ్లారు. ఖాళీ అయిన మీ చోటులోకి నేను ఒక అడుగు ముందుకు జరిగాను, ఆటోకు దారి దొరికింది.